సముద్రపు గాలి రాని రోజుకు సన్నాహం: మర్రిపాలెం మేడ మీద ఒక వేసవి పని

మార్చి నెలాఖరు: పని ఎందుకు, ఎక్కడ

రెంటచింతల, విజయవాడ వంటి చోట్ల ఎండకు జడిసి చేసుకునే ఏర్పాట్లలో సగం కూడా విశాఖపట్నపు మేడల్లో కనిపించవు. పలుచని స్లాబు, కురచ సన్‌షేడ్లు, పడమటి గోడకు పెద్ద కిటికీలు: ఇవన్నీ మధ్యాహ్నానికల్లా సముద్రం మీది నుంచి గాలి వస్తుందన్న ఒకే ఒక్క నమ్మకం మీద కట్టినవి. నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది; దాని మీది గాలి పైకి లేస్తుంది; ఆ చోటును పూడ్చడానికి సముద్రం మీది చల్లని గాలి లోపలికి వస్తుంది. అయితే ఏప్రిల్, మే నెలల్లో కొన్ని రోజులు పడమటి నుంచి, అంటే దేశం లోపలి ఎండిన నేలల మీదుగా వీచే గాలి బలంగా ఉండి, సముద్రపు గాలిని తీరం దగ్గరే ఆపేస్తుంది. ఆ రోజు సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్నా ఊరు వడగాలిలో వేగుతుంది. నా ఇల్లు కూతవేటు దూరంలో కూడా లేదు. మర్రిపాలెంలో ఉంది.

వాతావరణ సూచనల్లో విశాఖపట్నానికి రెండు అంకెలు వస్తాయి: ఒకటి సముద్రం ఒడ్డున ఉన్న వాల్తేరు కేంద్రానిది, రెండవది విమానాశ్రయానిది. వేసవిలో విమానాశ్రయపు అంకె సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. మర్రిపాలెం, గోపాలపట్నం, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు వైపు కాపురం ఉన్నవారు నమ్మవలసినది ఈ రెండవ అంకెనే. బీచ్ రోడ్డులో కూర్చుని వాల్తేరు అంకె చదివి, "ఈసారి ఎండలు పెద్దగా లేవు" అనే బంధువులు ప్రతి ఇంటికీ ఉంటారు, మాకూ ఉన్నారు.

తీరప్రాంతంలో వడగాలులు అని ప్రకటించడానికి భారత వాతావరణ విభాగం రెండు షరతులు పెట్టుకుంది. గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు చేరాలి. అది ఆ కాలానికి మామూలుగా ఉండవలసినదానికన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ కావాలి. మైదానాలలో ఈ హద్దు 40 డిగ్రీలు. ఈ మూడు డిగ్రీల తేడా తీరవాసుల సుకుమారం వల్ల వచ్చినది కాదు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నచోట చెమట ఆరదు, చెమట ఆరనిదే ఒంట్లోని వేడి బయటికి పోదు.

పని పరిధిని ఆదిలోనే గిరి గీసుకున్నాను. ఇల్లు రెండంతస్తులది, పై అంతస్తులో నైరుతి మూల గది అమ్మది. ఆమెకు ఎనభై దాటాయి, ఏసీ గాలి పడదు. గదికి పడమట ఒకప్పుడు పెద్ద వేపచెట్టు ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్లోని వేలాది చెట్లతో పాటు దానినీ పడగొట్టింది. అప్పటి నుంచి మధ్యాహ్నం రెండు మొదలు పొద్దుగూకే వరకు ఎండ నేరుగా ఆ గోడ మీదే. కనుక లక్ష్యం ఒక్కటే: సముద్రపు గాలి రాని రోజున కూడా, ఏసీ లేకుండా, ఆ గదిలో రాత్రి నిద్ర పట్టాలి. పగటి సంగతి రెండవది. పగలు అమ్మ కింది అంతస్తులోకి వచ్చి కూర్చోగలదు. రాత్రి మాత్రం తన గది, తన మంచం తప్ప మరొకటి ఒప్పుకోదు.

అశ్విని కార్తె: ముందు కొలతలు

ఏ పని చేసినా ముందు కొలత, తరువాత చేత అనేది నా ఉద్యోగకాలపు అలవాటు. కొన్న పరికరాలు రెండు రకాలు. ఉష్ణోగ్రతనూ గాలిలో తేమనూ చూపే చిన్న మీటర్లు రెండు తీసుకొని, ఒకటి అమ్మ గదిలోనూ, మరొకటి బయట ఉత్తరపు వసారాలో ఎండ సోకని చోటనూ పెట్టాను. గోడలు, పైకప్పు ఎంత వేడెక్కాయో తాకకుండా చెప్పే పిస్తోలు ఆకారపు థర్మామీటరు మూడవది. ఇది కాంక్రీటు, సున్నం, చెక్క వంటి మెరుపులేని వాటి మీద సరిగానే చూపుతుంది; నిగనిగలాడే ఉక్కు, అల్యూమినియం మీద తప్పు అంకె ఇస్తుంది. డాబా తలుపుకున్న స్టీలు గొళ్లేన్ని కొలిచి చల్లగా ఉందని పట్టుకుంటే చేయి కాలుతుంది.

వారం రోజులకు పైగా రాసిన అంకెలను వరసగా పెట్టి చూస్తే ఒక విషయం బయటపడింది. బయటి వేడి మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో పతాకస్థాయికి చేరి దిగిపోతూ ఉంటే, గది పైకప్పు లోపలి వైపు వేడి సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య పతాకస్థాయికి చేరుతోంది. బయట 36 డిగ్రీలు నమోదైన ఒక రోజు రాత్రి ఏడు గంటలకు పైకప్పు 42 డిగ్రీలు ఉంది. తొమ్మిదింటికి గదిలో గాలి 35, బయట 30. కింది అంతస్తు అదే వేళకు 32 మాత్రమే. రెండు అంతస్తుల గోడలు, కిటికీలు ఒకే తీరువి; తేడా అంతా నెత్తిన ఉన్న స్లాబుదే.

దీని లెక్క కష్టమైనదేమీ కాదు. అయిదంగుళాల స్లాబు చదరపు మీటరుకు దాదాపు 300 కిలోలు తూగుతుంది. దానిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే శక్తి, 60 లీటర్ల పైచిలుకు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే శక్తితో సమానం. నడినెత్తిన ఎండ చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్లు కురిపిస్తుంది. నాచుపట్టి నల్లబడిన పాత కాంక్రీటు అందులో నాలుగో వంతు మాత్రమే తిప్పికొట్టి మిగిలినదంతా మింగుతుంది. పగలంతా అలా మింగిన వేడిని స్లాబు రాత్రంతా కిందికి కక్కుతుంది. నిర్మలమైన పొడి ఆకాశం కింద ఆ వేడిలో మంచి భాగం పైకి కూడా పోతుంది కాని, విశాఖలో మాదిరి గాలి తేమతో నిండి ఉన్నప్పుడు ఆ తేమే దుప్పటిలా అడ్డుపడుతుంది. అంటే ఈ ఊళ్లో స్లాబు వేడెక్కిన తరువాత చల్లార్చడం కన్నా, వేడెక్కకుండా ఆపడమే తేలిక.

సీలింగు ఫ్యాను మీద కూడా ఇక్కడే ఒక తీర్మానానికి వచ్చాను. 42 డిగ్రీల పైకప్పుకు జానెడు దిగువన తిరిగే ఫ్యాను, అక్కడ పేరుకున్న వేడిగాలిని మంచం మీదికి నెట్టుతుంది. సాయంత్రం వేళ కిటికీ దగ్గర నేల మీద పెట్టిన స్టాండు ఫ్యాను, బయటి గాలిని లోపలికి లాగి, అంతకన్నా ఎక్కువ హాయినిచ్చింది.

భరణి కార్తె: డాబాకు సున్నం

స్లాబు మీదికి ఎండను రానివ్వకుండా చేయడానికి మార్గాలు చాలా ఉన్నాయి. తెల్లని పింగాణీ పెంకుల ముక్కలు పరచవచ్చు, అంగడిలో దొరికే చలువ పెయింటు వేయవచ్చు, సున్నం కొట్టవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానాన్నే తెచ్చింది. అంతకు దశాబ్దం ముందు, 2010 నాటి వేడిగాలుల విషాదం తరువాత, 2013లో ఎండలను ఎదుర్కొనే ప్రణాళిక వేసుకున్న అహ్మదాబాదు, తరువాతి ఏళ్లలో పేదల ఇళ్ల పైకప్పులకు తెల్లరంగు వేయించే పనిని అందులో చేర్చింది. నేను సున్నాన్నే ఎంచుకున్నాను. పెయింటు ఎక్కువ కాలం నిలుస్తుంది, నిజమే. కాని ఈ ఊరి గాలిలో తిరిగే నల్లని ధూళికి ఏ తెలుపైనా ఏడాది తిరిగేసరికి బూడిదరంగుకు దిగుతుంది. ఏటా మళ్లీ వేయక తప్పనప్పుడు చవకైనదే మేలు.

పాత కంచరపాలెం నుంచి వచ్చిన సున్నపు మేస్త్రీ ఒక రోజు ముందే గుల్ల సున్నాన్ని డ్రమ్ములో వేసి నీళ్లు పోయించాడు. నీళ్లు తగలగానే అది కుతకుతలాడుతూ, పొగలు కక్కుతూ విచ్చుకుంటుంది. ఆ సమయంలో కళ్లద్దాలు లేకుండా డ్రమ్ములోకి తొంగిచూడకూడదు. కంట్లో పడిన సున్నం చూపును తీసేయగలదు. చల్లారిన సున్నాన్ని గోనెపట్టాలో వడగట్టి, నాలుగు పాళ్లకు ఒక పాలు తెల్ల సిమెంటు, కొంత ఫెవికాల్ జాతి జిగురు కలిపాం. తెలుపు మెరవాలని నీలిమందు కలపడం గోడలకు ఆచారమే కాని డాబాకు వద్దన్నాను. కంటికి తెలుపు పెరిగినట్టు కనిపించినా, నీలి రంగు కొంత ఎండను మింగుతుంది.

డాబాను ముందు రోజే తీగబ్రష్షుతో గీకి, నాచు, మట్టి వదిలించి, కడిగించాం. పిట్టగోడ అంచు వెంట ఉన్న సన్నని పగుళ్లను పూడ్పించాం. తెల్లవారి ఆరింటికి పని మొదలుపెడుతూ మేస్త్రీ, "ముందు స్లాబుకు నీళ్లు పట్టించాలి మాస్టారూ, లేకపోతే సున్నంలో నీళ్లు అదే తాగేసి, సున్నం పొడిలా రాలిపోతుంది" అన్నాడు. అతని మాట ప్రకారం తడి ఆరీ ఆరకముందే పలుచగా మొదటి పూత, అది ఆరాక అడ్డంగా రెండవ పూత, మర్నాడు నిలువుగా మూడవది వేశారు. పది గంటలకల్లా పని ఆపించాను. మా గదికి చల్లదనం కోసం మరొకరిని ఎండలో నిలబెట్టడం ఏమి న్యాయం? మజ్జిగ కుండ డాబా మెట్ల నీడలోనే ఉంది.

అమ్మ నుంచి గట్టి అభ్యంతరం వచ్చింది. వేసవి అంటే ఆమెకు వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు. ఎండకు భయపడటమంటే డాబా చేతికి రాకుండా పోవడం. "సున్నం మీద వడియాలు పెడతావురా?" అని అడిగింది. అందువల్ల ఆగ్నేయ మూల మంచమంత మేర సున్నం వేయకుండా, పాత తెల్ల పింగాణీ పెంకుల ముక్కలు పరిపించాను. ఆ విధంగా వడియాల చోటు దక్కింది; నాకు పోల్చి చూసుకోవడానికి మరో పైకప్పు దొరికింది.

మూడు రోజులు ఆరనిచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకు కొలిచాను. సున్నం వేసిన మేర 41 డిగ్రీలు. పెంకుల ముక్కలు 43. పక్కింటివారి అనుమతితో కొలిచిన వారి బూడిదరంగు డాబా 58. చెప్పులు లేకుండా మా డాబా మీద నడవగలిగాను, వారి డాబా మీద నిలబడలేకపోయాను. ఆ రాత్రి ఏడింటికి అమ్మ గది పైకప్పు 37 చూపింది.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఎదురు అపార్టుమెంటు మూడో అంతస్తులోని వారి కిటికీలలోకి మా తెలుపు మధ్యాహ్నం పూట కళ్లు చెదిరేలా కొడుతోంది. వారు మర్యాదగానే చెప్పారు. పైకప్పు నుంచి తిప్పికొట్టిన ఎండ ఎక్కడికో పోవాలి కదా. అంతా ఆకాశానికే పోతుందనుకోవడం చుట్టూ మనకన్నా ఎత్తైన ఇల్లు లేనివారి మాట. తరువాత కట్టిన వలతో ఈ ఇబ్బంది చాలావరకు తీరింది.

కృత్తిక కార్తె: వల, పడమటి గోడ, తడికలు

వల గురించి క్లుప్తంగా రాస్తాను. నర్సరీలకు అమ్మే, నూటికి డెబ్బై అయిదు పాళ్ల ఎండను ఆపే ఆకుపచ్చ నీడవలను డాబాకు పడమటి సగం మీద, ఏడడుగుల ఎత్తున, ఇనుప గొట్టాలకు కట్టించాను. వలను స్లాబుకు ఆనించి పరిస్తే లాభం లేదు. కింద గాలి ఆడాలి. ఈ కార్తెలోనే సాయంత్రాలు ఈదురుగాలులు లేస్తాయి కనుక వలను ముడులతో కాక, ఒక్క లాగుతో ఊడిపోయే తాళ్లతో కట్టాం. తుపాను హెచ్చరిక వస్తే పావుగంటలో చుట్టిపెట్టగలగాలి. ఈ ఊళ్లో డాబా మీద ఏది కట్టినా హుద్‌హుద్‌ను తలుచుకునే కట్టాలి. నల్లని నీళ్ల ట్యాంకు కూడా అదే నీడలోకి వచ్చింది. మధ్యాహ్నం కుళాయి తిప్పితే చేతులు కాలే బాధ తప్పింది.

పడమటి గోడకు, కిటికీకి బయటి వైపున వెదురు తడికలు వేలాడదీశాం. కిటికీ లోపల కట్టే పరదా ఎండను చూడకుండా చేస్తుందే కాని, అద్దం దాటి వచ్చిన వేడిని తిరిగి బయటికి పంపలేదు. అడ్డు ఎప్పుడూ అద్దానికి బయటే ఉండాలి.

అసలు చర్చ వట్టివేళ్ల తడికల దగ్గర వచ్చింది. మా తమ్ముడు హైదరాబాదులో కూలరు వాడతాడు. ఇక్కడా ఒకటి కొనమన్నాడు. నీటిని ఆర్చి చల్లబరిచే ఏ సాధనమైనా, కూలరైనా, తడి వట్టివేరైనా, గాలిని దాని తడి ఉష్ణోగ్రతకన్నా దిగువకు దించలేదు. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా పెడితే చూపే అంకె అది. పడమటి గాలి వీచే రోజున గాలి 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉంటే తడి ఉష్ణోగ్రత 24 దగ్గర ఉంటుంది. అంటే దిగడానికి పదహారు డిగ్రీల చోటుంది. మామూలు ఉక్కరోజున గాలి 34, తేమ 75 శాతం ఉంటే తడి ఉష్ణోగ్రత 30. ఆ నాలుగు డిగ్రీలలో సగం దింపడానికి గది అంతా తేమతో నింపుకుంటే, చల్లదనం కన్నా జిడ్డే ఎక్కువ. కనుక విశాఖలో ఏడాదిలో అత్యధిక భాగం కూలరు దండుగ. వట్టివేళ్ల తడిక మాత్రం, పడమటి గాలి వచ్చిన రోజున తడిపి, రాని రోజున చుట్టి అటకెక్కించగలిగినది. అదే కొన్నాను. దాని వాసన అమ్మకు చిన్ననాటిని గుర్తుచేసిందట. అది లెక్కలో వేయని లాభం.

ఈ రెండు రకాల రోజులకూ కిటికీల నియమం తలకిందులుగా ఉండటమే ఈ ఊరి ప్రత్యేకత. ఉక్కరోజున గాలి కదలడమే ప్రాణం. అన్ని కిటికీలూ తెరిచి ఉండాలి, దక్షిణం నుంచి వచ్చిన గాలి ఉత్తరానికి పోయేందుకు లోపలి తలుపులు కూడా తీసి ఉంచాలి. వడగాలి రోజున ఉదయం తొమ్మిదింటికల్లా అన్నీ మూసి, బయటి మీటరు లోపలి మీటరుకన్నా తక్కువ చూపే వరకు తెరవకూడదు. ఏ రోజు ఏ రకమో తెలుసుకోవడానికి ఫోనుకు వచ్చే విపత్తు నిర్వహణ సంస్థ సందేశం కొంత, డాబా మీద ఆరేసిన చీర కొంగు ఎటు ఎగురుతోందో అది కొంత పనికొస్తాయి. చీర తూర్పుకు ఎగిరితే గాలి పడమటిది: కిటికీలు మూయాలి, తడిక తడపాలి.

డాబా మీద నీళ్లు చల్లడం గురించి అడిగినవారు ఉన్నారు. లీటరు నీరు ఆవిరైతే చదరపు మీటరు స్లాబును లెక్క ప్రకారం తొమ్మిది డిగ్రీల వరకు చల్లార్చగలదు. పని చేయదని అనలేను. కాని కుళాయి నీటికి వేసవిలో వీధి వీధీ ఎదురుచూసే ఊళ్లో, ఆ నీటిని డాబా మీద పోయడానికి నాకు మనసొప్పలేదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మాత్రం వట్టివేళ్ల తడిక మీదికి పోతున్నాయి.

రోహిణి కార్తె: పరీక్ష

రోళ్లు పగిలే రోహిణి అంటారు. ఈ కార్తెలో పడమటి గాలి వరసగా కొన్ని రోజులు నిలిచింది. బయట వసారాలోని మీటరు 41 చూపిన రోజున తేమ 24 శాతం. సాయంత్రం అయిదు దాటినా సముద్రపు గాలి జాడ లేదు. ఉదయమే అన్నీ మూశాం. వట్టివేళ్ల తడికను దక్షిణపు కిటికీకి మార్చి, దాని వెనుక స్టాండు ఫ్యాను పెట్టాం. ఆ కిటికీనీ, ఎదురుగా ఉత్తరపు తలుపును బెత్తెడు మేరా మాత్రమే తెరిచి ఉంచాం. మధ్యాహ్నం మూడింటికి అమ్మ గది 33 డిగ్రీలు. రాత్రి తొమ్మిదింటికి పైకప్పు 36, గదిలో గాలి 32. ఏప్రిల్‌లో బయట 36 ఉన్న రోజున ఇదే గది ఇదే వేళకు 35 ఉన్నదని గుర్తుంచుకుంటే, పని ఎంత ఫలించిందో తెలుస్తుంది. ఆ రాత్రి అమ్మ పై గదిలోనే పడుకుంది.

ఇల్లు ఎంత సిద్ధమైనా మనిషిని విడిగా చూసుకోవాలి. వయసు మీరినవారికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది. దాహమైతే తాగుతారులే అని ఊరుకోకూడదు. పొద్దున తరవాణి లేదా చోడి (రాగి) అంబలి, పదకొండింటికి మజ్జిగ, మూడింటికి ముంజలో పుచ్చకాయో అని వేళలు పెట్టాను. వాంతులో విరేచనాలో అయితే లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తల కొట్టి కొలిచినవి. రక్తపోటుకు నీరు పోయించే మాత్రలు వాడేవారు మాత్రం ఉప్పూ నీళ్లూ ఎంత అన్నది వేసవికి ముందే వైద్యుణ్ణి అడిగి పెట్టుకోవాలి, మేము అడిగాం. గాలి 35 డిగ్రీలు దాటాక అది చర్మం కన్నా వేడిగా ఉంటుంది కనుక ఒట్టి ఫ్యాను గాలి చాలదు, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా కనిపించినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. చెమట పడుతోందని ఏమరకూడదు. వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోసి, విసురుతూ, 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. ఇదంతా ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, పనికి వచ్చే అమ్మాయికి కూడా చదివి వినిపించి, మెట్ల దగ్గర తగిలించాం.

మృగశిర: మిగిలిన పని

తొలకరి జల్లులకు సున్నం అక్కడక్కడ పొరలుగా లేచింది. మేస్త్రీ ముందే చెప్పిన సంగతే ఇది. పిట్టగోడ వాలున నీళ్లు పారే దారిలో ఎక్కువ, మధ్యలో తక్కువ. సామానుకూ కూలికీ అయిన మొత్తం ఖర్చు, కింది అంతస్తులో మా ఏసీకి రెండు వేసవి నెలల్లో వచ్చే కరెంటు బిల్లును మించలేదు. వచ్చే మార్చిలో నీళ్లు పారే దారి మేర మాత్రం చలువ పెయింటు, తక్కినచోట మళ్లీ సున్నం.

పడమటి గోడ లెక్క ఇంకా తేలలేదు. వెదురు తడికల వెనుక కూడా సాయంత్రం అయిదింటికి గోడ లోపలి వైపు 38 చూపుతోంది. గదిలో మిగిలిన వేడికి ఇప్పుడు స్లాబు కన్నా అదే పెద్ద కారణం. పడిపోయిన వేపచెట్టు చోట మళ్లీ వేపమొక్కే నాటాం కాని అది గోడ ఎత్తు అందుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా శంఖుపూల తీగను తడికల మీదికి పాకించాలని కుండీలు పెట్టాం. ఆషాఢంలో గింజలు మొలిస్తే వచ్చే భరణి కార్తెకు తీగ కిటికీ పైఅంచు దాటాలి. దాటాక గోడను మళ్లీ కొలుస్తాను. వలను చుట్టి మెట్లగదిలో పెట్టాం.